గృహిణీ ప్రసంగము: కంప్యూటరు శాస్త్రమా, కంప్యూటరు ఇంజనీరింగా?



ఈ మాసము నాకు చేరిన లేఖలలో ఎక్కువభాగము పిల్లల పైచదువులను గూర్చినవే. అందొక లేఖను ముందిడుకొని యీ ప్రసంగము సాగించెదను. కృష్ణాతీరమునుండి ఒక సోదరి యిట్లు వ్రాసినది:

"మా పెద్దమ్మాయి ఇంటర్మీడియెటు ముగించి ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకే తెచ్చుకొన్నది. ఆ ర్యాంకునకు పేరున్న కాలేజీలో కన్వీనరు కోటాయందు ‘ఎలక్ట్రానిక్సు అండ్ కంప్యూటరు ఇంజనీరింగు’ సీటు వచ్చునట్లున్నది. పిల్లకు అదియే యిష్టము. మా బావగారు మాత్రము, కంప్యూటరు సైన్సు అని పేరులేని పట్టా పట్టాయే కాదనియు, మరియొక కాలేజీలో మేనేజిమెంటు కోటాయందు సి.యస్.ఇ. సీటు కొనవలెననియు, అందులకు మెట్టపొలము అర యెకరము అమ్మక తప్పదనియు పట్టుబట్టినారు. ఆడుపిల్లకు యంత్రములతో పనియేమని మా అత్తగారు. ఈ రెండు చదువులకు భేదమేమో నాకు తెలియదు. తెలిసినయెడల నేనును ఒకమాట చెప్పగలను."

ఈ సోదరి నన్ను తీర్పు చెప్పుమని కోరలేదు. భేదము తెలుపుమని మాత్రమే కోరినది. ఇంటిల్లపాదియు మాటలాడుచుండగా తల్లి యొక్కతె మౌనముగా నుండుట మన యిండ్లలో క్రొత్తగాదు. కావున ముందుగా భేదమును వ్రాసి, పిమ్మట బావగారి మాటయు, అత్తగారి మాటయు విచారించెదను. నేను కాలేజీలో చదివినదానను గాను. ఇంట కావ్యములును ఛందస్సును చదువుకొన్నదానను. ఐనను మా వారు ఉపాధ్యాయులగుటచే ప్రతి వేసవియందును ఈ తగవు మా అరుగుమీదికి వచ్చుచునే యుండును. విని విని, పుస్తకములు తెప్పించి చదివితిని. నా చదువు ఇందులకు కొంత సాయపడుటయే నాకు వింతగా తోచినది.

కంప్యూటరు శాస్త్రమనగా ఆ పెట్టెను గూర్చిన శాస్త్రమని యనుకొందుము. గణనమును గూర్చిన శాస్త్రమనిన సరిగా నుండును. ఛందస్సు చదివిన సోదరీమణులకు ప్రస్తారము తెలియును గదా. పాదమున ఒక్కొక్క యక్షరము గురువైనను కావలెను, లఘువైనను కావలెను. ఒక యక్షరమునకు రెండు భేదములు, రెండక్షరములకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఈ యెనిమిదియే మన మగణాదులు. ఇట్లు ఇబ్బడించుచు పోగా ఇరువది యక్షరముల పాదమునకు 10,48,576 భేదము లేర్పడును. ఉత్పలమాల అందొకటి. ఆ వరుసలో దాని స్థానము 3,55,799.

పదిలక్షల పంక్తులను తాటాకులమీద వ్రాసి యెవరైన లెక్కించిరా? లెక్కింపలేదు. మొదటి యక్షరము క్రింద 1, రెండవదాని క్రింద 2, పిమ్మట 4, 8, 16 అని ఇబ్బడించుచు ఇరువది యంకెలు వేసి, లఘువుల క్రింది యంకెలను మాత్రము కూడి, ఒకటి చేర్చినచో స్థానము వచ్చును. దీనికి ఉద్దిష్టమని పేరు. స్థానము చెప్పగా వృత్తమును రాబట్టుట నష్టము. సందేహము గల సోదరి భ, ర, న, భ, భ, ర, వ గణములను కాగితముమీద పరచి కూడి చూచుకొనవచ్చును. పింగళుని ఛందశ్శాస్త్రమునాటినుండి ఈ విద్య మన దేశమున నున్నది. పదిలక్షల మెట్లు ఎక్కవలసినచోట ఇరువది మెట్లతో గమ్యము చేరుట యెట్లు అను నీ విచారమే కంప్యూటరు శాస్త్రమునకు ప్రాణము. విద్యుత్తు లేకున్నను ఇది సాగును.

నిఘంటువులో మాట వెదకుటయు నట్టిదే. అకారాది క్రమమున లక్ష మాటలున్నవనుకొనుడు. మొదటి పుటనుండి వెదకినచో లక్ష చూడవలసి రావచ్చును. నడుమ తెఱచి, మనకు కావలసినది ముందున్నదో వెనుకనున్నదో చూచి, సగము విడిచి, మిగిలిన సగమును మరల నడుమ తెఱచినచో 17 మారులలో దొరకి తీరును. ఏల 17? ఏల 16 కాదు? ఈ "ఏల" అను ప్రశ్నయందు రుచి గల పిల్ల కంప్యూటరు శాస్త్రమునకు పుట్టినది. అక్కడ ఆమె చదువబోవునవి వివిక్త గణితము, డేటా స్ట్రక్చర్సు, ఆల్గోరిథములు, ఆపరేటింగు సిస్టములు, డేటాబేసులు, నెట్‌వర్కులు, కంపైలర్లు మొదలగునవి. ఇందు చేతితో తాకి చూడవలసినది మిగుల తక్కువ.

ఇక కంప్యూటరు ఇంజనీరింగు. పైన చెప్పిన గురులఘువులు మనస్సులో నున్నంతవరకు బాధలేదు. వానిని ఒక వస్తువునందు నిలుపవలెనన్నచో కష్టములన్నియు మొదలగును. ట్రాన్సిస్టరనునది సిలికానుపై తీర్చిన మీట. విద్యుత్తు పారిన ఒకటి, ఆగిన సున్న. బొటనవ్రేలి గోరంత చిప్పులో ఇట్టి మీటలు నేడు వేయికోట్లకు మించి పట్టుచున్నవి. అవి క్షణమునకు కోట్లమారులు తెఱచుకొని మూసికొనుచుండగా వేడి పుట్టును. ఆ వేడి పోవలెను. ఒక మీట మాట మరియొకదానికి సకాలమున చేరవలెను. బ్యాటరీ సాయంకాలమువరకు నిలువవలెను. ఒకటి సున్నయని పొరబడరాదు. ఇవి కాగితముమీద తెగు ప్రశ్నలు గావు. లోకపు పదార్థముతో పెనగులాట. అందుకై ఆ పిల్ల సర్క్యూట్లు, సిగ్నల్సు, డిజిటల్ లాజిక్కు, మైక్రోప్రాసెసర్లు, చిప్పుల రచన, వాషింగు మెషీనునందును కారునందును గుండెకు అమర్చు పేస్‌మేకరునందును దాగియుండు చిన్న కంప్యూటర్ల విద్య చదువును.

మన చేనేత యిండ్లలోని యొక విషయము చెప్పిన ఇది యింకను తేటపడును. పోచంపల్లి చీరకు రంగులద్దుటకు ముందు నూలును మేకులమీద వరుసగా పోయుదురు. దానిని ఆసుపోయుట యందురు. ఒక చీరకు వేలమారులు చేయి అటునిటు ఆడవలెను. తరతరములుగా ఇది యాడువారి పని. దానివలన భుజములు పడిపోయిన తల్లులెందరో. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారి బాధ చూడలేక, ఏండ్లతరబడి శ్రమించి, 1999 లో ఆసుయంత్రమును ముగించి దానికి తల్లి పేరే పెట్టిరి. 2017 లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఏ పోగు ఏ మేకుమీద ఎన్నిమారులు, ఏ వరుసలో పడిన ఏ పూవు వచ్చునో చెప్పు లెక్క యొకటి. నూలు తెగకుండ, వడి తగ్గకుండ ఆ చేతి యాటను ఇనుముచే ఆడించుట మరియొకటి. మొదటిది శాస్త్రము పక్షము, రెండవది ఇంజనీరింగు పక్షము. ఇందొకటి లేనిది రెండవది చీర కాజాలదు. మల్లేశముగారు చిన్నతనముననే బడి మానినవారు గనుక ఈ శాఖాభేదముల చిక్కు వారికి లేకపోయినది!

కంప్యూటరు ఇంజనీరింగు చదివిన పిల్ల ప్రోగ్రాములు వ్రాయనేరదని యెవరును భ్రమపడవలదు. ఆమె ప్రోగ్రాములు వ్రాయుటయు నేర్చును, యంత్రమును గూర్చుటయు నేర్చును. రెండును నాలుగేండ్లలో చదువుటచే, గణనశాస్త్రపు లోతులు కొన్ని ఆమెకు దక్కవు. శుద్ధ ఎలక్ట్రానిక్సు లోతులును కొన్ని దక్కవు. ఇది లోపమని కొందరు, లాభమని కొందరు. వంతెనకు రెండు గట్లును తగిలియుండవలెను గదా అని నా తలపు.

ఇంతవరకు భేదము. ఇక పేర్ల గందరగోళము. మనవారు ఎంసెట్ అని పిలుచు పరీక్షకు ఆంధ్రప్రదేశమున 2021 నుండియు, తెలంగాణమున 2024 నుండియు ఈఏపీసెట్ అని పేరు. దాని కౌన్సెలింగు పట్టికయందు సి.యస్.ఇ., అందే కృత్రిమ మేధ, డేటా సైన్సు, సైబరు సెక్యూరిటీ అని కొమ్మలు, ఐ.టి., ఇ.సి.ఇ., ఇ.సి.ఎం. అని వరుసగా నుండును. సి.యస్.ఇ. అను పేరులోనే సైన్సును ఇంజనీరింగును కలవు. ఐనను అది చాలవరకు శాస్త్రము వైపే మొగ్గును. ముంబయి, పుణే కాలేజీలలో "కంప్యూటరు ఇంజనీరింగు" అను పేరుతో చెప్పునది ఇంచుమించు మన సి.యస్.ఇ. యే. అమెరికాలో నట్లుగాదు. ఇల్లినాయి విశ్వవిద్యాలయము వంటిచోట్ల కంప్యూటరు ఇంజనీరింగు విద్యుత్ ఇంజనీరింగు శాఖ క్రింద నుండును; కంప్యూటరు శాస్త్రము వేఱు శాఖ. ఆ దేశపు కంప్యూటరు సంఘములవారు 2005 లో ఈ విద్యలను అయిదు పాయలుగా విడదీసిరి: కంప్యూటరు ఇంజనీరింగు, కంప్యూటరు సైన్సు, ఇన్ఫర్మేషను సిస్టమ్సు, ఐ.టి., సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు. మన పేర్లు వారి పేర్లతో సరిగా పొసగవు. అచటనున్న మన తెలుగు తల్లులు ఇచటి బంధువుల సలహా తీసికొనునప్పుడును, ఇచటివారు అచటి మేనమామను ఫోనులో అడుగునప్పుడును ఒక్కపేరుతో రెండు వస్తువులను గూర్చి మాటలాడుకొనుట నేనెఱుగుదును.

అందుచేత పేరు విడిచి సిలబసు చూడవలెను. మొదటి సంవత్సరము అన్ని శాఖలకును ఇంచుమించు ఒక్కటే: గణితము, భౌతికము లేక రసాయనము, ప్రోగ్రామింగు, ఇంగ్లీషు. దారులు విడివడునది పిమ్మట. మూడవ సంవత్సరపు పాఠ్యవిషయములను విశ్వవిద్యాలయమువారే ప్రకటింతురు. పిల్లచేత బిగ్గరగా చదివించుకొని, ఒక్కొక్కటి యేమని యడుగుడు. ఏ పేరునొద్ద పిల్ల కండ్లు మెఱసినవో, ఏ పేరునొద్ద గొంతు తగ్గినదో తల్లికి తెలియకపోదు.

బావగారి మాటలో కొంత నిజము లేకపోలేదు. ఉద్యోగములు సాఫ్ట్‌వేరుననే యెక్కువ. ఐతే ఆ సంస్థలు చాలవరకు ఎలక్ట్రానిక్సు పిల్లలనుగూడ అవే పరీక్షలు పెట్టి చేర్చుకొనుచున్నవి. మైక్రోసాఫ్టునకు 2014 లో అధిపతియైన సత్య నాదెళ్లగారు మణిపాలున చదివినది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. కంప్యూటరు సైన్సు పిమ్మట అమెరికాలో చదివిరి. అడోబికి 2007 లో అధిపతియైన శంతను నారాయణ్‌గారు ఉస్మానియాలో చదివినది ఎలక్ట్రానిక్సు. చిత్తూరుజిల్లా కాటూరున పుట్టి, 1994 లో ట్యూరింగు బహుమానము పొందిన రాజ్ రెడ్డిగారు గిండీలో చదివినది సివిల్ ఇంజనీరింగు! మహాపురుషుల కథలు చూపి మన పిల్లలును అట్లే యగుదురని చెప్పుట నా యుద్దేశము గాదు. బి.టెక్. శాఖతోనే తలుపు మూసికొనదని చూపుటకే వీరిని తలచితిని.

ఇంకొక సంగతి గమనింపుడు. ఎలక్ట్రానిక్సు పునాదినుండి సాఫ్ట్‌వేరునకు పోవుట సులభము. ఇంట కంప్యూటరొకటి యున్న చాలును. సాఫ్ట్‌వేరునుండి చిప్పుల రచనకు పోవుటకు ప్రయోగశాల కావలెను, సర్క్యూట్ల పునాది కావలెను, అది కష్టతరము. 2023, 2024 సంవత్సరములలో పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థలు క్రొత్త పట్టభద్రులను చేర్చుకొనుట తగ్గించినప్పుడు ఎందఱు తల్లులు కలతచెందిరో మా అరుగు చెప్పును. చాట్‌జీపీటీ వంటివి ప్రోగ్రాములను తామే వ్రాయుచుండగా ఈ చదువులేలయని యడుగువారును కలరు. ఒక ప్రోగ్రామింగు భాషను కంఠస్థము చేసి, అంతటితో విద్య ముగిసినదనుకొనినవారికి కష్టమే. ఆ 17 ఏలయో యెఱిగినవారు యంత్రము వ్రాసినదానిలో తప్పు పట్టగలరు.

ఇక అత్తగారి మాట. పెద్దలమాటను త్రోసిపుచ్చ నాకు మనసొప్పదు గాని, ఆమె యీ కథను వినవలెను. 1946 లో అమెరికావారు లోకమునకు చూపిన ఎనియాక్ అను గణనయంత్రమున 18,000 గాజు వాల్వులుండెను. బరువు 30 టన్నులు. దానిని కట్టినవారు పురుషులని చరిత్రలు వ్రాసినవి. దానిచేత లెక్కలు చేయించినవారు ఆరుగురు స్త్రీలు: కాత్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్సు, బెట్టీ స్నైడరు, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. యుద్ధకాలపు రహస్యమగుటచే మొదట వారిని యంత్రమున్న గదిలోనికే రానీయలేదు. యంత్రపు తీగల పటములను చూచియే దాని నడక నేర్చిరి. అంత లోతుగా నేర్చుటచే, యంత్రము చెడినప్పుడు దోషమెచట నున్నదో వాల్వువరకు వెదకి పట్టగలిగిరి. శాస్త్రమును యంత్రమును రెండును వారి చేతిలో నుండెను. యంత్రమును లోకమునకు చూపిననాటి రాత్రి విందునకు మాత్రము వారిని పిలువలేదు. గౌరవము 1997 లో గాని రాలేదు.

పైగా యంత్రవిద్యయనగానే సుత్తియు, మసిబట్టయు, రాత్రిపాళ్లును తలపునకు వచ్చుట పాతకాలపు తలపు. నేడు హైదరాబాదున క్వాల్‌కామ్, ఏ.యం.డి. వంటి సంస్థల కార్యాలయములలో చిప్పులను రచించువారు కూర్చుండి పనిచేయువారే. సాఫ్ట్‌వేరు పిల్ల యెదుట నుండు తెరయే వారి యెదుటను.

ఇక పొలము. సోదరీ, నా మాట నిక్కముగా చెప్పెదను: అమ్మవలదు. సీటు వెల యొకటి చాలదు. నాలుగేండ్ల ఫీజు, హాస్టలు, పుస్తకములు వెనుకనే వచ్చును. అంతకంటె బరువైనది వేఱొకటి. తాను కోరని చదువునకై పొలము పోయినదని యెఱిగిన పిల్ల, ఒక పరీక్షలో తప్పినను ఇంటికి చెప్పుకొనలేదు. పేరున్న కాలేజీలో కోరిన శాఖ, కన్వీనరు కోటాయందు, ర్యాంకుతో వచ్చుచుండగా, అంతకు తగ్గిన కాలేజీలో ఒక పేరును కొనుటకు నాకేమియు కారణము కనబడుటలేదు. ఐనను ఆ కాలేజీకి ఒకనాడు తల్లియు కూతురును కలసి పోయి చూడవలెను. ప్రయోగశాలలో ఆసిలోస్కోపులు పనిచేయుచున్నవా, దుమ్ముపట్టి యున్నవా? చివరి సంవత్సరపు బాలికలను ఇద్దఱిని పట్టుకొని అడుగుడు, వారు దాచరు. ఎన్.బి.ఎ. గుర్తింపు కాలేజీకంతటికి గాక శాఖశాఖకు వేఱువేఱుగా ఇత్తురు గాన, మన శాఖకున్నదో లేదో ప్రత్యేకముగా అడుగవలెను.

పిల్ల యిష్టము నిజమైనదా, స్నేహితురాలి ననుసరించి పుట్టినదా యని సందేహముండవచ్చును. ఆప్షన్లకు ఇంకను గడువున్నచో ఒక వారము రెండు పనులు పెట్టి చూడుడు. నిఘంటువులో వెదకు ఉపాయమును ప్రోగ్రాముగా వ్రాయుమనుడు. ఆర్డ్వినో అను చిన్న పలకయొకటి తెప్పించి, చీకటిపడగానే తనంత వెలుగు దీపమును చేయుమనుడు. ఇందులకు ఒక చీర వెలకూడ కాదు. ఏ పనియందు అన్నమునకు పిలిచినను రాదో చూడుడు. రెండింటను విసిగి, నాకు వృక్షశాస్త్రమో చరిత్రయో కావలెననిన, ఆ మాటయు వినవలసినదే. ఇంటర్మీడియెటు గణితముతో చదివినంతమాత్రమున ఇంజనీరే కావలెనని యెచటను వ్రాసిలేదు.

ఇంకొక చిన్నమాట మఱచితిని. ఇస్రో, ఇ.సి.ఐ.యల్. మొదలగు ప్రభుత్వసంస్థల ఉద్యోగప్రకటనలలో ఏ శాఖ పట్టా కావలెనో పేరుపెట్టి వ్రాయుదురు. ఎలక్ట్రానిక్సు అండ్ కంప్యూటరు వంటి జంటపేర్లు ఒక్కొక్కచోట చెల్లును, ఒక్కొక్కచోట చెల్లవు. అట్టి కొలువులమీద పిల్లకు మక్కువయున్నచో పాతప్రకటనలు రెండు మూడు తీసి చూచుకొని మఱి ఆప్షన్లు పెట్టవలెను.

సివిలు, మెకానికలు శాఖలను గూర్చి అడిగిన ఇద్దఱు సోదరీమణులకు వచ్చు సంచికలో బదులు వ్రాసెదను.